అంకెలు వినలేదు... కథ విన్నారు!

'కథలు చెప్పకు' అంటే మన ఇళ్లల్లో 'అబద్ధాలాడకు' అనే అర్థం. మరి పనిచేసే చోట కథ చెప్పమంటే? ఒకప్పుడు నేనూ నవ్వేదాన్నే!

నేను ఓ చిన్న కుట్టు యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. మా షిఫ్టు రాత్రి ఎనిమిదింటికి ముగిసేది. పల్లెలకు వెళ్లే ఆఖరి బస్సూ ఎనిమిదింటికే! ఓ అరగంట ముందు వదలమని రెండుసార్లు అడిగాను. ఎంతమంది పని మానేశారో, ఎన్ని ఆర్డర్లు ఆలస్యమయ్యాయో లెక్కలు రాసి మరీ ఇచ్చాను. యజమాని కాగితం తిరగేసి, 'చూద్దాంలేమ్మా' అన్నారు. అంతే!

మూడోసారి కాగితం పక్కన పెట్టి ఒక్కమ్మాయి సంగతి చెప్పాను. కాలర్లు కుట్టడంలో ఆమెది అందెవేసిన చేయి. ఓ రాత్రి బస్సు తప్పిపోయింది. తొమ్మిదిన్నర దాకా చీకట్లో బస్టాపులో ఒక్కతే బిక్కుబిక్కుమంటూ నిలబడింది. చివరికి భర్త పసిబిడ్డను భుజానేసుకుని, సైకిలు మీద వెతుక్కుంటూ వచ్చాడు. మర్నాటి నుంచి ఆమె పనిలోకి రాలేదు.

యజమాని పెన్ను కింద పెట్టి, 'ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?' అని అడిగారు. ఆ తర్వాతే నా లెక్కల కాగితం మళ్లీ తీసి చూశారు. నెల తిరక్కుండా షిఫ్టు ఏడున్నరకు మారింది. ఆ అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు, అప్పటికే వేరేచోట చేరిపోయింది. ఈ సంగతి మొదటిసారే చెప్పి ఉంటే... అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్రపంచబ్యాంకులోనూ ఇంతే!

ఇది మా చిన్న యూనిట్ గొడవే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ప్రపంచబ్యాంకు దగ్గరున్న పరిజ్ఞానాన్ని అందరికీ అందించాలని స్టీఫెన్ డెనింగ్ అనే అధికారి 1996లో పట్టుబట్టారు. చార్టులు చూపిస్తే ఎవరి చెవికీ ఎక్కలేదట. అప్పుడాయన ఓ చిన్న సంగతి చెప్పారు. 1995లో జాంబియాలోని ఓ మారుమూల ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఒకరు, మలేరియా చికిత్స గురించి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వెబ్‌సైట్‌లో వెతికి జవాబు తెలుసుకున్నారు. 'మరి ఇందులో మనమెక్కడ?' అన్నదే ఆయన ప్రశ్న. అది సూటిగా తగిలింది!

మీరూ చెప్పాలంటే...

* నిజంగా జరిగిందే చెప్పండి. కల్పించారని తెలిస్తే మళ్లీ ఎవరూ నమ్మరు.

* ఒక మనిషి, ఒక చోటు, ఒక రోజు చాలు. రెండు నిమిషాల్లో ముగించండి.

* ఎవరి కథో వారినడిగే చెప్పండి. నేనడిగితే ఆ అమ్మాయి, 'పేరు మాత్రం చెప్పకక్కా' అంది. చెప్పలేదు.

* కథ అవగానే లెక్కలు చూపించి, మీకేం కావాలో స్పష్టంగా అడగండి.

అన్నం తిననని మారాం చేసే పిల్లాడికి మనం లెక్కలు చెబుతామా? కథే కదా చెబుతాం! ఆ విద్య మనకు కొత్తేం కాదు. ఆఫీసు గుమ్మం దగ్గర వదిలేయకుండా లోపలికీ తీసుకెళ్దాం.