బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? కస్టడీ వివాదములలో మానసిక పరిశీలనయు సంఘకాపరి సాక్ష్యమును

ఎనిమిదేళ్ళ క్రితం మా సంఘములోని ఒక సహోదరి మా దగ్గరకు వచ్చి ఒక ఉత్తరము అడిగింది. భర్తతో విడిపోయి అప్పటికి రెండేళ్ళు. ఏడేళ్ళ కుమారుడు ఆమె దగ్గరే ఉన్నాడు. ఫ్యామిలీ కోర్టులో కస్టడీ కేసు నడుస్తున్నది. "అయ్యగారూ, మీరు నాలుగు మాటలు రాసిస్తే జడ్జిగారు నమ్ముతారు" అన్నది. ఆమెను చిన్ననాటి నుండి ఎరిగినవారము గనుక వెనుకాడలేదు. తల్లి భక్తిపరురాలనీ, తండ్రి కోపిష్ఠి అనీ, బిడ్డ తండ్రిని చూస్తేనే వణికిపోతాడనీ సంఘపు లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి ఇచ్చాము.

కొన్ని నెలల తరువాత కోర్టు నియమించిన క్లినికల్ సైకాలజిస్టు మాకు ఫోను చేశారు. ఆమె అడిగినవి మూడే ప్రశ్నలు. బిడ్డ వణకడం మీరు ఎప్పుడు, ఎక్కడ చూశారు? తండ్రితో ఎన్నిసార్లు మాట్లాడారు? బిడ్డతో విడిగా ఎప్పుడైనా మాట్లాడారా? మూడింటికీ మా దగ్గర జవాబు లేదు. వణకడం తల్లి చెప్పగా విన్నదే. సామెతలు 18వ అధ్యాయము 13, 17 వచనముల మీద మేము ఎన్నిమార్లు ప్రసంగించామో లెక్కలేదు. కాని ఆ రోజు ఫోను పట్టుకొని మౌనముగా నిలబడ్డాము.

ఇటువంటి కేసులు ఇప్పుడు దాదాపు ప్రతి పట్టణ సంఘములోను ఉన్నాయి. ఆ సైకాలజిస్టు చేసే పని ఏమిటో, అందులో కాపరి మాటకు ఎక్కడ చోటున్నదో తెలియక మనము బిడ్డలకు హాని చేస్తున్నాము. అందుకే ఈ వ్యాసము.

చట్టము ఏమి చెప్పుచున్నది

క్రైస్తవ దంపతుల విడాకుల కేసులో బిడ్డల సంరక్షణను 1869 నాటి విడాకుల చట్టము 41 నుండి 44 వరకు గల సెక్షన్ల క్రింద కోర్టు నిర్ణయిస్తుంది. విడిగా వేసే దరఖాస్తులకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము వర్తిస్తుంది. బిడ్డ వయస్సు, లింగము, మతము, సంరక్షణ కోరేవారి నడత, సామర్థ్యము చూడాలని ఆ చట్టము 17వ సెక్షను చెప్పుచున్నది. బిడ్డ తెలివిగా ఎంచుకోగల వయస్సువాడైతే అతని ఇష్టమును కూడా పరిగణించవచ్చును. అయిదేళ్ళలోపు బిడ్డ సాధారణముగా తల్లి దగ్గర ఉండాలనే నియమము హిందూ మైనారిటీ చట్టములోనిది. చట్టరీత్యా అది క్రైస్తవులది కాదు. ఏ చట్టమైనా చివరికి కోర్టు చూచేది బిడ్డ క్షేమమునే. బిడ్డలు తలిదండ్రుల సొత్తూ కారు, ఆటవస్తువులూ కారు అని 1973లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఒక క్రైస్తవ దంపతుల కేసులోనిదే.

మనకు ముఖ్యమైనవి 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టములోని రెండు సెక్షన్లు. వైద్య నిపుణులను గాని, కుటుంబ సంక్షేమ రంగములో పనిచేసేవారిని గాని సహాయమునకు పిలుచుకొనుటకు 12వ సెక్షను కోర్టుకు అధికారమిస్తున్నది. సైకాలజిస్టు వచ్చేది ఈ ద్వారము గుండానే. వివాద పరిష్కారమునకు ఉపకరిస్తుందని తోస్తే, సాక్ష్య చట్టము ప్రకారము చెల్లని కాగితమునైనా స్వీకరించవచ్చునని 14వ సెక్షను చెప్పుచున్నది. అంటే మనము "ఊరికే ఒక ఉత్తరమే గదా" అని రాసి ఇచ్చినది కూడా ఫైలులో చేరి ఒక బిడ్డ భవిష్యత్తును తూచవచ్చును.

పరిశీలనలో జరిగేది

కోర్టు కాగితములో "మానసిక పరిశీలన" అనే మాట చూడగానే మన కుటుంబములు బెదిరిపోతాయి. హైదరాబాదులోనైతే ఎర్రగడ్డ పేరు, విశాఖపట్నములోనైతే చినవాల్తేరు పేరు తలపునకు వస్తుంది. "మా పిల్లవాడికి పిచ్చి అంటున్నారా?" అని ఒక అమ్మమ్మ మమ్మును అడిగింది. కాదమ్మా అని చెప్పవలసినది మొదట మనమే. ఈ పరిశీలన పిచ్చిని వెదకదు. ఈ బిడ్డకు ఇప్పుడు ఏమి అవసరము, దానిని తీర్చగల శక్తి ఏ ఇంటిలో ఎంత ఉన్నది అనే రెంటినీ జతపరచి చూస్తుంది.

సక్రమముగా చేసేవారు ఒక్క కూర్చుండుటలో ముగించరు. తల్లితో విడిగా, తండ్రితో విడిగా మాట్లాడుతారు. బిడ్డ ఒక్కొక్కరితో ఉన్నప్పుడు ఎలా ఉంటాడో చూస్తారు: ఎవరి వైపు జరుగుతాడు, ఏడిస్తే ఎవరు ఎలా ఓదారుస్తారు, ఆట మధ్యలో తండ్రి ఫోను చూసుకుంటాడా. తరువాత బిడ్డతో ఒంటరిగా మాట్లాడుతారు; చిన్నవారైతే ఆట ద్వారా, బొమ్మల ద్వారా. బడి రికార్డులు, ఆసుపత్రి కాగితములు చూస్తారు. ఉపాధ్యాయులను, వైద్యులను, కొన్నిసార్లు సంఘకాపరిని కూడా అడుగుతారు.

ఎమ్.ఎమ్.పి.ఐ. వంటి ప్రశ్నావళి పరీక్షలు పెద్దలకు ఇస్తారు గాని, అవి కస్టడీ కొరకు తయారు చేసినవి కావు. కోర్టు నీడలో కూర్చున్న తల్లిగాని తండ్రిగాని తమ మంచి ముఖమునే చూపిస్తారు. ఇది ఈ రంగములో అందరికీ తెలిసినదే. కాబట్టి ఒక్క పరీక్ష అంకెను బట్టి గాని, బిడ్డ వేసిన ఇంటి బొమ్మలో నాన్న లేడని గాని తీర్మానము చేయకూడదు. ఒక పక్షము డబ్బిచ్చి, రెండవవారి ముఖము చూడకుండానే తెచ్చుకున్న రిపోర్టు విషయములో ఇంకా జాగ్రత్త కావాలి. (మా ఉత్తరము కూడా ఆ కోవకు చెందినదే.)

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఈ పనికి 1994లో మార్గదర్శకములు ప్రచురించి, 2010లోను 2022లోను సవరించినది. అందులో మనము నేర్చుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఒక కుటుంబమునకు చికిత్స చేసే వ్యక్తి, ఆ కుటుంబమును గూర్చి కోర్టుకు అంచనా వేసే వ్యక్తి సాధ్యమైనంతవరకు వేరువేరుగా ఉండాలి. చికిత్స చేసేవాడు తన దగ్గరకు వచ్చినవాని పక్షము వహిస్తాడు, వహించాలి కూడా. అంచనా వేసేవాడు వహించకూడదు. చెప్పినదంతా రిపోర్టులోనికి వెళ్ళవచ్చునని అతడు ముందే చెప్పాలి. మనము కౌన్సెలింగ్ గదిలో కన్నీళ్ళు తుడిచి, అదే చేతితో కోర్టుకు సర్టిఫికేట్ రాస్తున్నాము. పైగా కాపరితో చెప్పుకొన్న మాటకు న్యాయవాదితో చెప్పుకొన్న మాటకున్న రక్షణ మన దేశపు సాక్ష్య చట్టములో లేదు. సంఘస్థులలో చాలమందికి ఇది తెలియదు.

ఈ అంశము మీద మాట్లాడవలసి వస్తే మనము వెంటనే మొదటి రాజులు 3వ అధ్యాయము తెరుస్తాము. ఆ కథ ఇక్కడ పూర్తిగా అతకదు. సొలొమోను ఎదుట నిలిచిన ఇద్దరిలో ఒకతె తల్లి కాదు. కస్టడీ కోర్టులో ఇద్దరూ నిజమైన కన్నవారే. అంతేకాదు, బిడ్డ నలిగిపోకూడదని పోరాటము విడిచిపెట్టిన తండ్రి ఇక్కడ "శ్రద్ధ లేనివాడు" అనిపించుకొనవచ్చును. ఖడ్గము చూపి సత్యము రాబట్టే వీలు సైకాలజిస్టుకు లేదు. ఎవరు అబద్ధమాడుతున్నారో కనిపెట్టే యంత్రమూ అతని దగ్గర లేదు. అతడిచ్చేది అభిప్రాయము, తీర్పు న్యాయాధిపతిది.

"నాన్న వద్దు" అనే బిడ్డ

అన్నిటికంటె చిక్కైనది ఇది. 1985లో రిచర్డ్ గార్డ్‌నర్ అనే అమెరికా సైకియాట్రిస్టు, ఒకరు నూరిపోయుట వలన బిడ్డ రెండవవారిని తిరస్కరించుటకు ఒక రోగపు పేరు పెట్టాడు. 2013లో వెలువడిన అమెరికా మానసిక వ్యాధుల పట్టిక దానిని చేర్చుకొనలేదు. మన సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో ఆ మాట వాడినది. 2024 మే నెలలో మరొక కేసులో, తొందరపడి ఎవరి మీదా ఆ ముద్ర వేయరాదని హెచ్చరించినది. నూరిపోయడము నిజముగానే జరుగుతుంది, మేమే చూశాము. అయితే తల్లిని కొట్టుట కళ్ళారా చూచిన బిడ్డ కూడా "నాన్న వద్దు" అంటాడు. రెండు నోళ్ళ నుండి వచ్చే మాట ఒక్కటే. తేడా తెలియడానికి ఓపికగల నిపుణులు కావాలి; ఆదివారము ఆరాధన తరువాత పది నిమిషములు మాట్లాడిన మనకు తెలియదు. ఒక మినహాయింపు: బిడ్డ లైంగిక హింసను గూర్చి చెప్పినట్లయితే అది కస్టడీ ప్రశ్న కాదు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము వెంటనే పోలీసులకు తెలియజేయుట మన విధి; చెప్పకపోవుట నేరము.

పరిశీలన ఎంత దూరము వెళ్ళగలదో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూపిస్తున్నది. కేరళకు చెందిన ఆ కేసులో బాలుని తండ్రికి అప్పగించాలన్న హైకోర్టు తీర్పును 2024 ఆగస్టులో సుప్రీంకోర్టే ఖాయపరచినది. తల్లి మరల వివాహము చేసికొన్నది. బిడ్డ మతము తనకు తెలియకుండా క్రైస్తవముగా మార్చబడినదని తండ్రి ఆరోపణలలో ఒకటి. ఆ తీర్పు తరువాత బాలుడు తీవ్రమైన ఆందోళనకు లోనయ్యాడనీ, తల్లి నుండి వేరుచేస్తే ప్రమాదమనీ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నిపుణుల నివేదికలు తెలిపినవి. న్యాయస్థానము వాటిని చూచి తన తీర్పును తానే మార్చుకొని బాలుని తల్లి దగ్గర ఉంచినది; తండ్రికి కలిసే హక్కు ఇచ్చినది. కస్టడీ ఉత్తర్వు ఎన్నడూ ఆఖరి మాట కాదు. ఇక బాప్తిస్మము, ప్రతిష్ఠ సంగతి: కేసు నడుస్తుండగా ఒక్కరి కోరిక మీద మనము తొందరపడితే, ఆ పరిశుద్ధ కార్యము ఎదుటి న్యాయవాది చేతిలో ఆరోపణ అవుతుంది.

మేము ఇప్పుడు ఉత్తరము రాయము అనడము లేదు. చూచినది రాస్తాము, తేదీ వేస్తాము, విన్నదానిని విన్నదని చెప్తాము, రెండవవారితో మాట్లాడకపోతే ఆ సంగతీ రాస్తాము. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో రాయము.

ఆనాడు సైకాలజిస్టుకు మేము రెండవ ఉత్తరము పంపాము. మొదటిదానిలో తండ్రిని గూర్చి రాసినది మాకు నేరుగా తెలియదని ఒప్పుకున్నాము. ఆమె మా నుండి ఉపయోగమని తీసుకొన్నది ఒక్కటే: సండే స్కూలు హాజరు పుస్తకము. ఆ పిల్లవాడు ఏ వారము వచ్చాడో, ఎవరు తీసుకొని వచ్చారో టీచరమ్మ ప్రక్కన రాసిపెట్టింది. అందులో అయిదు వారములు "నాన్నతో" అని ఉన్నది. మేము ఎన్నడూ ఆ పుస్తకము తెరిచి చూడలేదు.

ఆ సహోదరి ఆరు నెలలు ఆరాధనకు రాలేదు. తరువాత వచ్చింది గాని, మాతో మునుపటివలె మాట్లాడదు. బిడ్డ ఆమె దగ్గరే పెరుగుతున్నాడు. వారము విడిచి వారము తండ్రి దగ్గరకు వెళ్తాడు. ఆ ఆదివారములలో తండ్రి స్కూటరు మీద గేటు వరకు తెచ్చి దించుతాడు. ఆయన లోపలికి రాడు. గంట కొట్టక ముందే మేము గేటు దగ్గరకు వెళ్ళి నిలబడుతున్నాము.