బదరీవృక్షము క్రింద

హైదరాబాదులో ఎవరైనను పొంతన లేని మాట ఆడినచో "ఎర్రగడ్డకు పంపవలసినదే" అని నవ్వుట మనకు చిన్ననాటి నుండి అలవాటు. విశాఖపట్టణము వైపువారు అదే సందర్భమున చినవాల్తేరు పేరు చెప్పుదురు. మన చలనచిత్రములలో ఈ హాస్యమునకు లోటు లేదు. ఆ చిత్రములకు నెలవైన ఫిలింనగరు నుండి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు దూరము కొద్ది మైళ్ళే. 1953లో జాల్నా నుండి తరలివచ్చిన ఆ చికిత్సాలయము నాటి నుండి ఎందరు నిద్రలేనివారికి నిద్రనిచ్చి ఇంటికి పంపినదో చెప్పిన హాస్యగాడు మాత్రము మాకింతవరకు కనబడలేదు.

దానికి దాపుననే, 1973 నుండి 1978 వరకు ముఖ్యమంత్రిగా నుండిన జలగం వెంగళరావుగారి పేర వెలసిన వెంగళరావునగరు ఉన్నది. ఆ కాలనీ నుండి శ్రోత యొకామె వ్రాసిన ఉత్తరమే ఈ ప్రసంగమునకు కారణము. ఆమె పేరు చెప్పము. పాఠశాలలో ఉపాధ్యాయిని, చర్చి గాయకబృందమున చాల యేండ్లుగా పాడుచున్నది. ఒక వర్షాకాలమున, చెప్పదగిన కారణమేమియు లేకయే, తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చుట ప్రారంభమైనది. తరువాత అన్నము రుచి పోయినది. పిమ్మట పాట పోయినది. "పుస్తకము తెరచుకొని అందరితో నిలుచుంటిని, పెదవులు కదలినవి గాని గొంతు రాలేదు" అని వ్రాసినది. వైద్యుడు మాత్రలిచ్చెను. సంఘములోని పెద్ద యొకరు, విశ్వాసమున్నవారికి మాత్రలెందుకనిరి. ఆమె మానివేసినది. నెల తిరుగకముందే, మేడమీదికి ఒంటరిగా పోవుటకు తనకే భయము కలుగసాగినదట. "ఇది జబ్బా, లేక దేవుడు నన్ను విడిచినాడా?" అని ఆమె ప్రశ్న.

ఒక మతమును బోధించుట మా పని కాదు. అయినను అడిగినవారు ఏ భాషలో అడిగిరో ఆ భాషలోనే సమాధానము చెప్పుట మర్యాద. మొదట జబ్బు మాట చూతము.

దిగులు అందరికిని కలుగును, పొద్దుపోయినకొలది పలుచబడును. అట్లుగాక రెండు వారములకు మించి, దినములో అధికభాగము మనస్సు బరువెక్కి, ఇష్టమైన పనులయందు రుచి చచ్చి, నిద్రయు ఆకలియు తప్పి, తాను దేనికిని పనికిరానను తలపు వదలకున్నచో వైద్యులు దానిని కుంగుబాటు అందురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019 సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము ఈ వ్యాధితో బాధపడువారు సుమారు 28 కోట్లు. వంశము, మెదడులోని రసాయనముల నడక, ప్రసవము, థైరాయిడు లోపము, ఆప్తుల మరణము, అప్పులు, ఒంటరితనము, ఇందు ఏ ఒక్కటియు సంపూర్ణ కారణము కాదు. పలువురిలో ఇవి పెనవేసికొని యుండును. మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. ఆ నడిమి కాలముననే చాలమంది విసిగి విడిచిపెట్టుదురు. తేరుకొనిన పిమ్మటను కనీసము ఆరు మాసములు వాడి, వైద్యుని మాటపై కొంచెము కొంచెముగా తగ్గించవలెనేగాని ఒక్కసారిగా మానరాదు.

ఇక రెండవ మాట. వైద్యులు కుంగుబాటు అను పదమును వాడుటకు ఎంతో ముందే తెలుగు బైబిలులోని కీర్తనలలో ప్రాణము 'క్రుంగుట' యున్నది. ఆ 150 కీర్తనలలో స్తుతి ఎంత గలదో మొర అంతకు తక్కువ కాదు. తక్కిన మొరలలో పెక్కు చివరకు ఏదో యొక వెలుగువైపు తిరుగును. 88వ కీర్తన మాత్రము చీకటిలోనే ముగియును. దానిని సంకలనము చేసినవారు తీసివేయలేదు, చివర నొక మంచిమాట అతికించలేదు. పాట రానివానికి గూడ ప్రార్థన పుస్తకమున ఒక పుట యుంచిరన్నమాట. విశ్వాసము తక్కువైనందుననే మనస్సు క్రుంగునని చెప్పువారు ఈ పుటను ఎట్లు దాటిపోవుదురో మాకు బోధపడదు.

ఏలీయా కథ ఇంతకంటె స్పష్టము. కర్మెలు కొండపై గెలిచిన ప్రవక్త, రాణి యెజెబెలు బెదిరింపునకు పరుగెత్తి, బెయేర్షెబాలో సేవకుని విడిచి, అరణ్యములోనికి ఒక దినపు ప్రయాణమంత ఒంటరిగా పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. గెలిచిన కొలది దినములకే చావు కోరుట వింతగా తోచవచ్చును. ఈ వ్యాధి నెరిగినవారికి తోచదు. అప్పుడు దేవదూత వచ్చి చేసినదేమి? మందలింపు లేదు. విశ్వాసమును గూర్చిన ప్రశ్న లేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్ళు. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారు లేపి మరల పెట్టెను. హోరేబు కొండపై మాటలు, అతనివంటివారు ఇంక ఏడువేలమంది యున్నారను కబురు, ఎలీషా తోడు, ఇవన్నియు తరువాత వచ్చినవి. మొదటిది అన్నము, నిద్ర. నేటి వైద్యుడును మొట్టమొదట అడుగునవి ఆ రెండే.

ప్రార్థనకును వైద్యమునకును పోటీ పెట్టనవసరము లేదనుటకు మన దేశముననే ఒక సాక్షి గలడు. 1907లో భారతదేశమునకు వచ్చిన అమెరికా మిషనరీ స్టాన్లీ జోన్సు గాంధీజీకి మిత్రుడు. పని ఒత్తిడిచే కొన్నియేండ్లకే కూలబడెను. విశ్రాంతికై స్వదేశమునకు పోయి వచ్చి మరల కూలబడెను. లక్నోలో ప్రార్థించుచుండగా తనకు శాంతి దొరికినదని ఆయన చెప్పుకొనెను. అట్లు చెప్పినవాడే 1950లో ఆ లక్నోలోనే నూర్ మంజిల్ అను మానసిక చికిత్సాలయమును స్థాపించెను. తనకు ప్రార్థన చాలెనుగదా యని ఇతరులకు వైద్యుని నిరాకరింపలేదు.

అందరికిని అట్టి శాంతి దొరకదు. ఆంగ్లకవి విలియం కౌపర్ 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనల సంపుటికి ఎన్నో పాటలు వ్రాసెను. 1773లో మరల జబ్బుపడిన పిమ్మట, దేవుడు తన్ను త్రోసివేసినాడను భ్రమ ఆయనను 1800లో మరణించువరకు పూర్తిగా వీడలేదు. అయితే ఆ మొదటి సంవత్సరమున మిత్రుడును పాదిరియునగు జాన్ న్యూటన్ ఆయనను తన ఇంటనే ఏడాదికి పైగా ఉంచుకొనెను. ఆ ఆతిథ్యమును మేము పాటలకంటె తక్కువగా ఎంచము.

మన చిత్తూరు సరిహద్దు దాటినంతనే వెల్లూరు. అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయములో మానసిక చికిత్సా కేంద్రమును ప్రారంభించి, రోగితోపాటు బంధువు నొకరిని ఉంచుకొను పద్ధతి పెట్టిరి. అమృతసరములో డాక్టరు విద్యాసాగరుగారు అదే దశాబ్దిలో ఆసుపత్రి ఆవరణమున గుడారములు వేయించి కుటుంబములను రప్పించుకొనిరి. రోగిని గోడల వెనుక దాచుటయే చికిత్సయని లోకము నమ్మిన కాలమున వీరు ఇంటినే ఆసుపత్రికి తెచ్చిరి.

ప్రాణముపై విరక్తి పుట్టినవారు, వారి ఇంటివారు ఏ గంటకైనను 14416 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవలో తెలుగులోనే మాటలాడుదురు.

వెంగళరావునగరు శ్రోత నుండి ఈ మధ్య రెండవ ఉత్తరము వచ్చినది. మాత్రలు తిరిగి మొదలిడినది. గాయకబృందములోని మరియొకామె ప్రతి సాయంత్రము వచ్చి, ఏమియు బోధింపక, వంటింట కూరలు తరిగి, అన్నము తినువరకు కూర్చుండి, ఒక కీర్తన చదివి పోవుచుండెనట. పాడుమని ఒకనాడైన అడుగలేదట. క్రిస్మసునాడు ఆమె బృందములో తన పాతచోటనే నిలుచున్నది. రెండు పాటలకు గొంతు కలిపినది, మూడవదానికి ఊరకుండినది. రాత్రి ఇంటికి వచ్చి మాత్ర వేసికొని పండుకొన్నానని, తెల్లవారి ఐదింటివరకు మెలకువ రాలేదని వ్రాసినది.