బత్తలపల్లి సిస్టర్లు

కడుపులో తిప్పుతాండాదని ఓ పెద్దమ్మ చెబితే తర్జుమా అక్కర్లేని నర్సు కావాలి. బత్తలపల్లి ఆసుపత్రికి మొదటి నుంచీ ఉన్న అవసరం ఇదే.

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ తొలి ఏళ్లలో బావులు, బడుల మీద దృష్టి పెట్టారు. ఆయన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును ఊళ్లలో అందరూ ఆర్డీటీ అనే అంటారు. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో ఆ సంస్థ 2000లో ఈ ఆసుపత్రి తెరిచింది. కాన్పులు, పసిపిల్లల జబ్బులు, హెచ్‌ఐవీ, క్షయ అన్నిటికీ చుట్టుపక్కల మండలాలకు ఇదో పెద్ద దిక్కు. డాక్టర్లు ఎక్కడి నుంచైనా రావచ్చు. రాత్రి డ్యూటీలకు నిలబడి, రోగి యాసలోనే బదులిచ్చే సిస్టర్లను మాత్రం ఇక్కడే తయారుచేసుకోవాలి. సంస్థ నర్సింగ్ కళాశాల కూడా నడపడంలోని తర్కం అదే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. శెనక్కాయ పంట ఎండితే ఇంట్లో మొదట ఆగేది ఆడపిల్ల చదువు, ముందుకు జరిగేది పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. బీఎస్సీ నర్సింగ్ అంటే నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఆ నాలుగేళ్లూ సంబంధాల మాట వాయిదా పడుతుంది. సిలబస్‌లో లేని లాభం! బైపీసీ చదివి నీట్‌లో ర్యాంకు రాని వాళ్లు బీఎస్సీ వైపు చూస్తారు. ఇతర గ్రూపుల వాళ్లకు మూడేళ్ల జీఎన్‌ఎం ఉంది.

ప్రపంచంలోని 2.98 కోట్ల మంది నర్సుల్లో 85 శాతం స్త్రీలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక చెబుతోంది. మన ఎయిమ్స్‌లు 2019 నుంచి నర్సింగ్ ఉద్యోగాల్లో 80 శాతం స్త్రీలకే కేటాయించాయి. ఈ కేటాయింపుపై అబ్బాయిల గొణుగుడులో న్యాయం లేకపోలేదు.

పట్టా చేతికొచ్చాక దారులు చీలుతాయి. కొందరు గ్రామ ఆరోగ్య క్లినిక్‌లో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి బీపీ, షుగరు చూస్తారు. బెంగళూరు కార్పొరేట్ ఆసుపత్రులు ఒక్క రాత్రి ప్రయాణం కూడా కాదు. జర్మనీ వెళ్లాలంటే ముందు జర్మన్ భాష నేర్వాలి, అమెరికా అయితే ఎన్‌క్లెక్స్ రాయాలి.

జీతం సంగతే చేదు. సుప్రీంకోర్టు 2016 ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది. అది సిఫార్సు మాత్రమే. చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో చేరే కొత్త పిల్లలకు ఆ అంకె దూరపు కొండే.

అందుకే కదిరి వైపు కూలీలు ఏళ్ల తరబడి పని వెతుక్కుంటూ కేరళ రైలెక్కినట్టే, వాళ్ల ఊళ్ల ఆడపిల్లలు ఇప్పుడు నర్సింగ్ పట్టాతో బెంగళూరు బస్సెక్కుతున్నారు. వీళ్ల పెట్టెలో మాత్రం తెల్ల కోటూ రిజిస్ట్రేషన్ కాగితమూ ఉంటాయి.