ఆవేశమే ఆనవాలు

ఆకాశమార్గమున వచ్చు శత్రువును కనుగొనుటకు మానవుడు రేడియో తరంగములను వినియోగించుట నేర్చెను. 1935 ఫిబ్రవరిలో డావెంట్రీ చెంత వాట్సన్ వాట్ జరిపిన పరీక్షతో బ్రిటనులో రాడారునకు పునాది పడెను. దానికి తరంగములు కావలెను, యంత్రములు కావలెను. ఏమియు పంపకయే, ఎగిరివచ్చు శత్రువును పసిగట్టు ఉపాయము ఆకుపై ప్రాకు గొంగళిపురుగునకు కలదన్న నవ్వువా రుండవచ్చును. కాని యది నిజము.

ఆవేశమనగా నిచట కోపము కాదు, విద్యుదావేశము. ఎండిన తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కల నాకర్షించుట బాలురును ఎరుగుదురు. అట్లే ఎగురు కీటకము తరచుగా ధనావేశమును పొందును. విమానములకును ఇదియే గతి. ధూళియు వానయు తాకుటచే చేరిన ఆవేశమును గాలిలోనికి విడుచుటకే వాని రెక్కల వెనుకటి అంచున సన్నని కడ్డీల నమర్చుదురు.

బ్రిస్టల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు శామ్ ఇంగ్లండ్, డేనియల్ రాబర్ట్ 2024లో తమ పరిశోధనను ప్రకటించిరి. వారు కందిరీగల ఆవేశమును కొలిచి, అట్టి విద్యుత్ క్షేత్రమునే గొంగళిపురుగుల చెంత కల్పించిరి. అచట కందిరీగ లేదు. అయినను పురుగులు చుట్టచుట్టుకొనెను, ఒడలు విదిలించెను, కరవబోయెను. లేజరు కిరణములతో పరీక్షింపగా, వాని మేని రోమములు ఆ క్షేత్రమునకు కదలుచుండెను. కందిరీగ రెక్కలాడు వేగమునకు అవి మిక్కిలిగా స్పందించెను.

ఈ విద్యకు హద్దు కలదు. 1785లో కూలుంబు చూపినట్లు, దూరము రెట్టింపైన బలము నాలుగవ వంతగును. కావున ఇది చేరువ కాపలాయే గాని రాడారువలె క్రోసుల దూరము చూడజాలదు. అనేక గ్రాహకములను వేరువేరు చోట్ల నుంచి, వాని స్పందనలను పోల్చినచో, ఆవేశము గల వస్తు వెచట నున్నదో నిర్ణయింపవచ్చును.

మేమీ విషయమును వినోదార్థము ప్రస్తావించుట లేదు. విద్యుత్తంత్రులు పుట్టించు క్షేత్రముల స్పందన వేగములును ఈ రోమములు గ్రహింపగల వానిలోనివే గనుక, పురుగుల ఎరుకకు అంతరాయము కలుగవచ్చునని ఆ శాస్త్రజ్ఞులే హెచ్చరించిరి. మన తీగెలలోని విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు చేయును. పొలముపై తీగె పోని గ్రామ మరుదు. పైరు తిను పురుగును వేటాడు కందిరీగ రైతునకు కూలి కోరని కావలి. ఆ వేటలో మన తీగెలు ఎవరి పక్షము వహించుచున్నవి?

తీగెలు వలదని మేమనము. ఇంటికి దీపమును, చేనికి నీటిని తెచ్చునవి అవియే. కాని తీగెల క్రింది పైరును, దూరపు పైరును పోల్చి చూచుట మన వ్యవసాయ విశ్వవిద్యాలయములకు అసాధ్యము కాదు. పురుగుమందు కొనుటకు ముందు రైతు తెలిసికొనదగిన సంగతి యిది.