మీ ఆఫీసుకి ఆటో బ్రైట్‌నెస్ ఉందా? గ్లాస్ బిల్డింగుల అసలు కథ

ఫోన్ డిస్‌ప్లే గురించి మనం ఎంత వాదించుకుంటామో తెలిసిందే. పీక్ ఎన్ని నిట్స్, పీడబ్ల్యూఎం ఎంత, ఆటో బ్రైట్‌నెస్ సరిగ్గా పనిచేస్తోందా అని. రోజుకి తొమ్మిది గంటలు కూర్చునే ఆఫీసు లైటింగ్ గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈసారి దాన్నే రివ్యూ చేద్దాం.

నేనుండేది సాతంరాయిలో. ఆరాంఘర్ నుంచి బెంగళూరు హైవే మీద శంషాబాద్ వైపు వస్తుంటే తగులుతుంది. 2008లో ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల హోటళ్లు, గోడౌన్లు, ఆఫీసులు వస్తూనే ఉన్నాయి. రాబోయే ఆఫీసుల హోర్డింగులు చూస్తే ఎక్కువగా ఒకటే బొమ్మ: నాలుగు వైపులా అద్దాలు, పక్కన నాలుగు చెట్లు, కింద 'గ్రీన్ క్యాంపస్' అని ట్యాగ్.

నేను పనిచేసేదీ అలాంటి అద్దాల బిల్డింగే, పేరు వద్దులెండి. మధ్యాహ్నం మూడు దాటితే పడమటి ఎండ తిన్నగా మానిటర్ల మీద పడుతుంది. అందరూ బ్లైండ్స్ దించేస్తారు. దించగానే చీకటి, దాంతో లైట్లన్నీ ఆన్. బయట మండుటెండ, లోపల లైట్ల కింద కోడింగ్! అద్దాల్లోంచి దూరిన వేడిని బయటికి తోయడానికి ఏసీ ఖర్చు అదనం.

లెక్క చూస్తే ఇది ఎంత వృథానో తెలుస్తుంది. నేరుగా పడే ఎండ దాదాపు లక్ష లక్స్. డెస్క్ మీద మనకి కావాల్సింది 300 నుంచి 500. అంటే అందులో రెండొందల వంతు వెలుతురు చాలు. మరి గోడంతా అద్దం ఎందుకు? కావాల్సింది పెద్ద కిటికీ కాదు, కళ్లలో కొట్టకుండా వెలుతురుని లోపలిదాకా తీసుకెళ్లే కిటికీ.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. శంషాబాద్‌లో ఔటర్ ఎక్కి ఘట్‌కేసర్ దగ్గర దిగితే పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్ వస్తుంది. అక్కడ 2011లో వాడకంలోకి వచ్చిన ఒక బ్లాక్‌లో కిటికీల వాటా గోడలో మూడో వంతు కన్నా తక్కువే. కిటికీని రెండు భాగాలు చేశారు. కింది భాగం బయటికి చూడ్డానికి, పై భాగం వెలుతురు కోసం. మధ్యలో లైట్ షెల్ఫ్, అంటే మన ఇళ్ల కిటికీల మీద ఉండే సజ్జ లాంటిదే, కాస్త కిందికి దించి పెడతారు. దాని మీద పడిన వెలుతురు సీలింగ్‌కి తగిలి, మెత్తబడి లోపలికి వెళ్తుంది. సీలింగ్ తెల్లగా, పార్టిషన్లు పొట్టిగా ఉంటేనే ఈ ట్రిక్ బాగా పనిచేస్తుంది. కిటికీ పక్కన వరసగా మేనేజర్ల క్యాబిన్లు కట్టే ఆఫీసుల్లో ఎంత మంచి కిటికీ పెట్టినా దండగే.

దిక్కు కూడా ముఖ్యం. హైదరాబాద్ ఉన్నది సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. దక్షిణం వైపు సూర్యుడు ఎత్తులో ఉంటాడు కాబట్టి చిన్న సజ్జ ఆపేస్తుంది. తూర్పు, పడమరల్లో ఎండ ఏటవాలుగా వస్తుంది, దాన్ని సజ్జ ఆపలేదు. అందుకే ఉత్తర, దక్షిణాలకి తెరుచుకున్న సన్నని పొడవాటి బిల్డింగే ఇక్కడ కరెక్ట్. వాస్తు కాదు, జామెట్రీ!

అసలు మజా ఇక్కడ. ఆ పోచారం బ్లాక్‌లో నిజంగానే ఏ/బీ టెస్ట్ చేశారు. బిల్డింగ్‌ని రెండు సమాన సగాలు చేసి, ఒకదానికి బాగా ట్యూన్ చేసిన మామూలు ఏసీ పెట్టారు. రెండోదానికి రేడియంట్ కూలింగ్, అంటే కాంక్రీట్ శ్లాబ్‌లో పైపులు వేసి చల్లటి నీళ్లు తిప్పడం. రెండో సగం కూలింగ్‌కి సుమారు 34 శాతం తక్కువ కరెంట్ తీసుకుంది, కట్టడానికి ఖర్చూ ఎక్కువ కాలేదు. దీనికీ లైటింగ్‌కీ ఏంటి సంబంధం అంటారా? శ్లాబ్ లాగగలిగే వేడికి ఒక లిమిట్ ఉంటుంది. కిటికీల నుంచి, లైట్ల నుంచి వచ్చే వేడిని ముందే తగ్గిస్తేనే అది సరిపోతుంది.

ఇక స్మార్ట్ లైట్లు. పగటి వెలుతురుని బట్టి లైట్లు వాటంతట అవే తగ్గే సెన్సర్లు అంటే మన ఆటో బ్రైట్‌నెస్సే. కానీ బ్లైండ్స్ ఎప్పుడూ దించి ఉంటే సెన్సర్‌కి కనిపించేది చీకటే, లైట్లని ఫుల్‌లోనే ఉంచుతుంది. ఫోన్‌కి అప్‌డేట్ ఇచ్చినట్టు కిటికీ దిక్కుకి ఓటీఏ ఇవ్వలేం కదా.

మీ ఆఫీసుని చెక్ చేయడానికి ఫోన్ చాలు. ఏదైనా లక్స్ మీటర్ యాప్ వేసి ఫోన్‌ని డెస్క్ మీద వెల్లకిలా పెట్టండి. ఒకసారి బ్లైండ్స్ ఎత్తి, లైట్లు ఆపి, ఇంకోసారి బ్లైండ్స్ దించి, లైట్లు వేసి చూడండి. రీడింగ్ కచ్చితంగా ఉండదు గానీ తేడా తెలుస్తుంది. తర్వాత స్లో మోషన్‌లో సీలింగ్ లైట్‌ని తీయండి. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, వీడియోలో లైట్ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. సాయంత్రానికి తలనొప్పి వస్తోందంటే మానిటర్‌తో పాటు దీన్నీ అనుమానించండి. కొత్త కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్తే మధ్యాహ్నం స్లాట్ అడగండి, లోపలికి వెళ్లేముందు పడమటి వైపు బ్లైండ్స్ ఎలా ఉన్నాయో ఓసారి చూసుకోండి.