ఓడలో ఫిరంగికి చక్రాలెందుకు?

పేలిన ఫిరంగి వెనక్కి తన్నుతుంది. గుండు ముందుకు దూసుకెళ్తే ఫిరంగి వెనక్కి జరగాల్సిందే. న్యూటన్ మూడో సూత్రం సముద్రం మీదైనా మారదు.

ఇంగ్లాండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికీ ఉన్న ‘విక్టరీ’ ఓడనే చూడండి. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఎక్కింది దీన్నే. కింది అంతస్తులో ఒక్కో ఫిరంగి బరువు రెండున్నర టన్నులకు పైనే, గుండు బరువు 14 కిలోల పైచిలుకు. అలాంటిదాన్ని కదలకుండా బిగించేస్తే ఆ దెబ్బంతా ఓడ చెక్కల మీదే పడుతుంది. అందుకే నాలుగు చిన్న చక్రాల చెక్కబండి మీద పెట్టి, వెనకనుంచి లావుపాటి తాడు వేసి, రెండు కొసలూ ఓడ గోడకు కట్టేవారు. పేలగానే ఫిరంగి వెనక్కి దొర్లి, తాడు బిగుసుకోగానే ఆగుతుంది.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఈ ఫిరంగుల్లో మందూ గుండూ మూతి నుంచే కూరాలి. వెనక్కి దొర్లితే ఆ మూతి ఓడ లోపలికి వచ్చేస్తుంది కదా! ముందు కర్రకు చుట్టిన తడి గొర్రెతోలుతో గొట్టం తుడుస్తారు. నిప్పురవ్వ ఒక్కటి మిగిలినా కొత్త మందు అంటుకుంటుంది మరి. తర్వాత మందు సంచి, గుండు, అది జారిపోకుండా పాత తాళ్ల ఉండ దట్టించి, ఫిరంగిని మళ్లీ కిటికీ దాకా లాగుతారు. పేల్చేవాడు మాత్రం పేల్చడానికి కట్టిన పొడవాటి తాడు పట్టుకుని, ఫిరంగి అందుకోలేనంత ఎడంగా నిలబడి లాగుతాడు. ఆ ఎడం చాలకపోతే కాళ్లు దక్కవు!