కప్పు ఎక్కేవాడికి నడుం బెల్టు చాలదు

తొలకరికి ముందు పెంకులు సర్దించడం, పగిలిన రేకు మార్పించడం మన ఇళ్ళలో ఏటా ఉండే పనే. ఆ రోజుల్లోనే మా వార్డుకు నడుం విరిగినవాళ్ళు వస్తారు. "పడింది పదడుగులేనండీ" అంటారు వెంట వచ్చినవాళ్ళు. వెన్నుపూస విరిగి కాళ్ళు చచ్చుబడడానికి ఆ పదడుగులు చాలు.

పనివాడికి బెల్టు కొనిద్దామనుకునేవారు నడుముకు మాత్రమే చుట్టేది కొనకండి. జారినప్పుడు ఒళ్ళంతటి బరువూ ఒక్కసారిగా పొట్టమీద పడి ప్లీహం, కాలేయం చిట్లవచ్చు. భుజాలనూ తొడలనూ కలిపి పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. దానిమీద ఐ.ఎస్. 3521 గుర్తు చూడండి. ఒకసారి మనిషిని ఆపిన హార్నెస్‌ను మళ్ళీ వాడకూడదు.

అంతకన్నా ముఖ్యం తాడు పొడవు. కాళ్ళ దగ్గర కట్టిన ఆరడుగుల తాడు బిగిసేసరికి, పాదాలు కట్టినచోటికి పది పదకొండడుగులు కిందికి వస్తాయి. మన పెంకుటింటి చూరు అంత ఎత్తు ఎక్కడుంటుంది? కనుక చూరు దాకా పోనివ్వనంత పొట్టిగా కట్టాలి. అదీ చెదపట్టని దూలానికి. టీవీ గొట్టానికో, పిట్టగోడకో కాదు.

సిమెంటు రేకుమీద నేరుగా అడుగు వేయనివ్వకండి. అది చెప్పకుండా విరుగుతుంది. వాసాల మీద ఆనేలా పలక వేయించండి.

తాడుకు వేలాడుతున్నవాణ్ణి, దెబ్బ తగల్లేదు కదా అని వదిలెయ్యకండి. రక్తం కాళ్ళలో నిలిచి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. నిచ్చెన ముందే సిద్ధంగా ఉంచాలి. నేలమీద పడినవాణ్ణి మాత్రం కాళ్ళూ చేతులూ పట్టి ఆటోలోకి ఎక్కించకండి. మెడ, నడుం కదలకుండా అక్కడే ఉంచి 108కి ఫోన్ చేయండి.